పడవ రంగు పెచ్చులుగా ఎందుకు ఊడుతుంది? ప్లైవుడ్ హల్ మీద పూతల లెక్క

ఇంట్లో ప్లైవుడ్‌తో చిన్న పడవ కట్టుకునేవారికి చెక్కపని నడిచినన్నాళ్లు పెద్ద అయోమయం ఉండదు. కొలతలు నక్షాలో ఉంటాయి, వాటి ప్రకారం కోసి అతికించుకుంటూ పోతారు. పడవను బోర్లించి రంగు డబ్బా మూత తీసే రోజున మాత్రం తలోమాట వినిపిస్తుంది. రేవులో పెద్దవాళ్లు "చెక్కకు గాలాడాలి, నూనె పట్టించి ఎనామెల్ వెయ్యండి" అంటారు. ఫైబర్ పనివాళ్లు "మొత్తం రెసిన్‌తో మూసెయ్యండి, చుక్క నీరు దూరదు" అంటారు. రంగుల షాపులో, రెండు డబ్బాల్లోవి కలిపి వేసే పాలీయూరిథేన్ రంగు తప్ప వేరేది పనికిరాదంటారు. ఎవరి మాటకు వాళ్ల అనుభవం ఉంది. చిక్కల్లా, ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే రకం పడవ గురించి కాదు.

పడవ అడుగు, పక్కలు కలిపి నీటిని బయటే ఆపే గుల్లను హల్ అంటారు. ఏ పూత నిలుస్తుందో, ఏది ఊడుతుందో తేల్చేది ఆ హల్‌ను ఎలా కట్టారన్నదే. రంగు సంగతి ఆ తర్వాతే.

పలకల పడవ కదులుతుంది, ప్లైవుడ్ పడవ కదలదు

పాత పద్ధతిలో హల్ అంటే పక్కపక్కన బిగించిన పలకలు. వాటి సందుల్లో నార దట్టించి, నూనెలో కరిగించిన గుగ్గిలం లాంటివి పూసేవారు. ఒడ్డున ఎండితే పలక కుంచించుకుపోయి సందు తెరుచుకుంటుంది. నీటిలో నానితే పలక అడ్డంగా ఉబ్బి సందు మూసుకుంటుంది. ఏటా ఇలా ఊపిరి తీసుకునే చెక్క మీద గాజులాంటి గట్టి పూత వేస్తే మొదటి ఎండకే ప్రతి సందు దగ్గరా చీలుతుంది. అందుకే అక్కడ నూనె ఆధారంగా తయారైన మెత్తని రంగు వేసి, ఏటేటా మళ్లీ పూసుకోవడం సరైన పని. రేవు పెద్దల మాట ఆ పడవ విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం.

ప్లైవుడ్‌లో పలుచని చెక్క పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. ఇంట్లో కట్టే పడవల్లో చాలావాటికి మూలం 1962లో బ్రిటన్‌లో వచ్చిన మిర్రర్ డింగీ. 3.3 మీటర్ల పడవ అది. ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో కుట్టి, కుట్టు మీద గాజు పోగుల పట్టీ వేసి రెసిన్‌తో బిగించే పద్ధతిని అది ఇంటింటికీ చేర్చింది. అలాంటివి 70,000కు పైగా తయారయ్యాయి. కుట్టు పడవ అంటే మన కోస్తాకు కొత్త కాదు, మసులా పడవలను కొబ్బరి తాడుతోనే కుట్టేవారు. అయితే అక్కడ అలల దెబ్బకు కుట్టు వంగాలి, అదే దాని బలం. ఇక్కడ తీగ రెసిన్ గట్టిపడేదాకానే పట్టి ఉంచుతుంది, ఆ తర్వాత కీలు కదలదు. కదలని హల్ గట్టి పూతను మోయగలదు. ఫైబర్ పనివాళ్ల మాట నిజమయ్యేది ఇక్కడ.

ప్లైవుడ్ మీద ఉండే ముద్ర గురించి ఒక మాట. మన మార్కెట్‌లో మెరైన్ ప్లైకి భారత ప్రమాణం ఐఎస్ 710. అందులో పొరలను అతికిన జిగురు 72 గంటల ఉడకబెట్టే పరీక్షకు నిలవాలి. ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటిని తట్టుకునే రకానికి 8 గంటలే. రెంటికీ తేడా పెద్దదే. కానీ మెరైన్ అన్నది చెక్క ఎప్పటికీ కుళ్లదని ఇచ్చిన హామీ కాదు. అంచు కోసి చూసినప్పుడు లోపలి పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే, ముద్ర ఏదైనా సరే, ఆ షీటు పడవకు వద్దు. ఆ ఖాళీయే రేపు నీటికి కాలువ అవుతుంది.

ఒక్కో పొరకు ఒక్కో పని

రంగు నీటిని ఆపుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి పూతల్లో ఒక్కోదాని పని ఒక్కోటి, ఒకదాని పని ఇంకొకటి చెయ్యలేదు.

చెక్కను తాకేది ఎపాక్సీ, అంటే రెసిన్, హార్డనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత. తేమ చెక్కలోకి వెళ్లే వేగాన్ని బాగా తగ్గించడం దాని పని. మూడు పూతలు వేస్తేనే ఆ అడ్డు నమ్మదగ్గ మందానికి వస్తుంది. దాంతోపాటు గాజు గుడ్డ పరిస్తే ఇసుకకు, రాళ్లకు ఒరిపిడి తట్టుకుంటుంది, ప్లైవుడ్ పైపొర ఎండకు సన్నగా నెర్రెలివ్వకుండా ఉంటుంది. చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డ చిన్న పడవకు చాలు. తర్వాత లప్పం. ఎత్తుపల్లాలు సరిచేయడం తప్ప దానికి వేరే పని లేదు. ఆపైన ప్రైమర్, కింది పొరకూ పై రంగుకూ మధ్య పట్టు ఇచ్చేది అదే. అన్నిటికన్నా పైన రంగు. దాని అసలు పని ఎండను ఆపడం. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఎపాక్సీ పసుపెక్కి, సుద్దలా పొడి రాలుతుంది. అంటే ఎపాక్సీ చెక్కను కాపాడితే, రంగు ఎపాక్సీని కాపాడుతుంది. చెక్క కనబడాలని వార్నిష్ వేసేవారు కూడా ఎండను ఆపే రకమే ఎంచుకుని ఆరేడు పూతలు వేస్తారు, తర్వాత ఏటా ఒకటి కలుపుతారు. అందం ఉంది, చాకిరీ కూడా ఉంది.

చెక్కకు గాలాడాలా, వద్దా?

పూర్తిగా మూసెయ్యకూడదనేవారి వాదనలో బలం ఉంది. ఎపాక్సీ నీటిని లోపలికి ఎంత ఆపుతుందో, బయటికి పోకుండా కూడా అంతే ఆపుతుంది. ఒక స్క్రూ రంధ్రంలోంచి దూరిన నీరు లోపలే ఉండిపోతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిచిందంటే కుళ్లు బూజుకు అదే పొలం. మూసెయ్యాలనేవారి వాదనా నిజమే. రెండు వైపులా పూత ఉన్న ప్లైవుడ్‌లో తేమ హెచ్చుతగ్గులు తక్కువ, అందువల్ల పై రంగు మీద లాగుడు తక్కువ, అది ఎక్కువ ఏళ్లు ఉంటుంది.

రెండు వాదనలూ చివరికి వచ్చి ఆగేది అంచుల దగ్గర, రంధ్రాల దగ్గర. ప్లైవుడ్ ముఖం కన్నా కోసిన అంచు నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది. ఎపాక్సీ పూస్తుంటే ముఖం మీద మెరుస్తూ నిలుస్తుంది, అంచు మీద మాత్రం పది నిమిషాల్లో మాయమవుతుంది. అప్పుడే మళ్లీ పూయాలి, అది తాగడం ఆపేదాకా పూయాలి. స్క్రూ పడే ప్రతిచోటా ముందు పెద్ద రంధ్రం వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేస్తే స్క్రూ చెక్కను తాకనే తాకదు. ఇంత చేసినవారికి మూసిన పడవ మంచిది. ఇంత ఓపిక లేకపోతే, లోపల మామూలు నూనె ప్రైమర్, ఎనామెల్ వేసి, ఎండలో వానలో పడెయ్యకుండా నీడన పెట్టుకోవడమే క్షేమం.

ఇంకొకటి చాలామంది తలకిందులుగా చేస్తారు. బయట అద్దంలా తీర్చి లోపల ఒక పూతతో సరిపెడతారు. చిన్న పడవలను ఎక్కువగా కుళ్లబెట్టేది బయటి సముద్రపు నీరు కాదు, లోపల నిలిచిన వాన నీరు. ఉప్పు బూజును కొంత అడ్డుకుంటుంది, మంచినీరు దాన్ని పెంచుతుంది. అందుకే లోపలి మూలలకు, పడవను తేల్చే గాలిపెట్టెల అడుగుకు బయటికన్నా ఒక పూత ఎక్కువే పడాలి.

ఎపాక్సీ దగ్గర జరిగే తప్పులు

ఫైబర్ పనిలో మామూలుగా వాడే పాలియెస్టర్ రెసిన్‌కు, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ ఒకటి రెండు శాతం కలుపుతారు. ఎండ ఎక్కువైతే తగ్గిస్తారు, చలి ఉంటే పెంచుతారు. ఆ అలవాటు ఎపాక్సీకి తెస్తే పని చెడుతుంది. ఎపాక్సీలో హార్డనర్ కూడా పూతలో భాగస్వామే, దాని అణువులు రెసిన్ అణువులతో లెక్క ప్రకారం జతకట్టాలి. ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, జతకట్టని హార్డనర్ మిగిలి పూత మెత్తగా ఉండిపోతుంది. పరిమాణంతో కొలవాలా, బరువుతోనా అన్నదీ చూసుకోవాలి. పరిమాణంలో 2:1 అని రాసిన రకంలో రెసిన్ బరువెక్కువ, హార్డనర్ తేలిక కనుక, బరువులో అది సుమారు 100కు 42 అవుతుంది. త్రాసు మీద 100కు 50 పోస్తే దాదాపు అయిదో వంతు హార్డనర్ ఎక్కువైనట్టే.

మన వేడికి మరో ఇబ్బంది. కలిపిన ఎపాక్సీ లోతైన మగ్గులో ఉంచితే తన వేడికి తానే కాగి నిమిషాల్లో గడ్డ కడుతుంది, పొగ కూడా వస్తుంది. కలపగానే వెడల్పాటి ట్రేలో పల్చగా పొయ్యాలి. 200 మిల్లీలీటర్లకు మించి ఒకసారి కలపకపోవడం మేలు.

ఇక రంగు ఊడిపోవడానికి నేను అన్నిటికన్నా ముందు అనుమానించేది ఎపాక్సీ మీద తేలే జిగట పొర. హార్డనర్‌లోని అమైన్ అనే రసాయనం గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి పల్చటి పొర కడుతుంది. తేమ రోజుల్లో ఇది ఎక్కువ. కంటికి సరిగా కనబడదు. తడి వేలితో రాస్తే మాత్రం సబ్బులా జారుతుంది. దాని మీద నేరుగా ఎమెరీ పేపర్ ఆడిస్తే పేపర్ బంకతో పూడుకుపోతుంది, మైనం గీతల్లోకి దిగుతుంది. థిన్నర్‌తో తుడిస్తే అటూఇటూ పరుచుకుంటుందే కానీ పోదు. ఈ పొర నీటిలో కరుగుతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచు, శుభ్రమైన నీళ్లు, పొడి గుడ్డ, ఇంతే కావలసింది. కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే అరగదీయాలి. కడగకుండా దాని మీద ఎనామెల్ వేస్తే ఇంకో వింత జరుగుతుంది: మిగిలిన అమైన్ ఎనామెల్ ఆరడాన్ని అడ్డుకుంటుంది, రంగు వారాల తరబడి చేతికి అంటుకుంటూనే ఉంటుంది. రంగు నాసిరకమని డబ్బాను తిట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

ఉదయం బుడగలు, సాయంత్రం మంచు

ఉదయం ఎండ ఎక్కుతుండగా ఎపాక్సీ పూస్తే చెక్కలోని గాలి వేడెక్కి పొంగుతుంది, పూతలో సూదిమొనంత బుడగలు లేస్తాయి. వేడి తగ్గుతున్నప్పుడు పూస్తే చెక్కే పూతను లోపలికి లాక్కుంటుంది. కాబట్టి మొదటి పూతకు సాయంత్రం మంచిది. కానీ కోస్తాలో సాయంత్రం అంటే తేమ. పూత వేసే ఉపరితలం, గాలిలోని తేమ నీటి బిందువులయ్యే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలన్నది రంగుల పనిలో వాడే నియమం.

లెక్క చూద్దాం. గాలి 30 డిగ్రీలు, తేమ 60 శాతం అయితే మంచు పట్టేది 21.4 డిగ్రీల దగ్గర, కాబట్టి భయం లేదు. అదే 30 డిగ్రీల్లో తేమ 80 శాతమైతే అది 26.2కు చేరుతుంది. హల్ 29.2 డిగ్రీల కన్నా చల్లబడకూడదు, అంటే మిగిలిన వెసులుబాటు ఒక డిగ్రీ లోపే. 90 శాతమైతే 28.2. అసలు పూయకూడదు. విశాఖలోనో కాకినాడలోనో శ్రావణ మాసపు సాయంత్రం ఈ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. తేమ తక్కువున్న రోజు చూసుకుని, నీడలో, మూడు నాలుగు గంటల మధ్య మొదలుపెట్టి, చీకటి పడేలోపు పూత జిగురు స్థితికి వచ్చేలా చూసుకోవడమే దారి. రెండో పూత ఎప్పుడంటే, వేలు పెడితే ముద్ర పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. అప్పుడు వేస్తే రెండు పూతలూ రసాయనికంగా కలిసిపోతాయి, మధ్యలో అరగదీయనక్కర్లేదు.

లప్పం, బద్ద, పెన్సిల్ గీతలు

గోడల లప్పం పడవకు పనికిరాదు, నీటికి మెత్తబడుతుంది. ఎపాక్సీలో మైక్రోబెలూన్స్ అనే బోలు గాజు పొడి వేరుశనగ ముద్దలా చిక్కబడేదాకా కలిపితే, తేలికగా అరిగే లప్పం వస్తుంది. కీళ్లకు బలం కావలసిన చోట మాత్రం ఇది వద్దు, అక్కడ సిలికా కలపాలి.

చేత్తో పట్టిన కాగితం పల్లంలోకి కూడా దిగి దాన్ని ఇంకా లోతు చేస్తుంది. అందుకే అరచేయి వెడల్పు, మూర పొడవు, కొంచెం వంగే ప్లైవుడ్ బద్దకు 80 నంబర్ పేపర్ అంటించి, హల్ పొడవుకు ఏటవాలుగా, ఒకసారి ఇటు ఒకసారి అటు తోయాలి. ముందు హల్ అంతా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీస్తే బద్ద ఆడాక గీతలు మిగిలినచోట పల్లం ఉన్నట్టు. అక్కడే లప్పం. గాజు గుడ్డ నేత కనబడితే అక్కడితో ఆపాలి, గుడ్డను కోసుకుంటూ పోతే బలం పోతుంది. తర్వాత ప్రైమర్‌కు ముందు 120 నుంచి 150, పై రంగుకు ముందు 220, రంగు పూతల మధ్య 320. ఈ దుమ్ముకు ముక్కుకు గుడ్డ చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్క్ కావాలి.

ఒక డబ్బా రంగా, రెండు డబ్బాలా?

ఒక డబ్బా రంగు, అంటే ఎనామెల్ రకం, గాలిలోని ఆక్సిజన్‌తో ఆరుతుంది. బ్రష్‌తో సులువుగా పరుచుకుంటుంది, గీత పడితే మర్నాడే సరిచేసుకోవచ్చు. మెరుపు కొన్నేళ్లకు తగ్గుతుంది. రెండు డబ్బాల పాలీయూరిథేన్ హార్డనర్‌తో జతకట్టి గట్టిపడుతుంది. గీతలకు, ఎండకు బాగా తట్టుకుంటుంది. ఖర్చెక్కువ, కింద ఉన్న ప్రతి చిన్న లోపాన్నీ అద్దంలా చూపిస్తుంది, పూసిన సాయంత్రమే మంచు పడితే మెరుపు చచ్చిపోతుంది. దాని హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు అది పడకపోతే జీవితాంతం ఉబ్బసం మిగలవచ్చు. ఇంటి దగ్గర దాన్ని స్ప్రే గన్‌తో కొట్టవద్దు. రోలర్‌తో వేసినా ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్, గ్లౌజులు, గాలి ఆడే చోటు ఉండాలి.

మూడో వర్గం కూడా ఉంది. పనయ్యాక ఒడ్డుకు లాగి ఆరబెట్టే పడవకు గోడల బయట వేసే అక్రిలిక్ రంగు చాలని వాళ్ల మాట. అది వంగుతుంది, తేమను బయటికి వదులుతుంది, చవక. కానీ మెత్తన, ఎండలో ట్రాలీ బద్దలకు అతుక్కుని ఊడొస్తుంది. వానలో ఒడ్డున పడుండే చేపల వేట పడవకు ఇది తప్పు ఎంపిక కాదు. మెరుపు కోరే తెరచాప పడవకు నప్పదు. ఏటా రెండు రోజులు రంగుకు కేటాయించగలిగినవారికి ఒక డబ్బా రంగే హాయి అని నా అభిప్రాయం.

ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు వరస మరవకూడదు. రెండు డబ్బాల దాని మీద ఒక డబ్బాది నిలుస్తుంది. తిరగేస్తే, పై రంగులోని ఘాటైన థిన్నర్ కింది ఎనామెల్‌ను ముడతలు పడేలా లేపేస్తుంది. ఇక ముదురు రంగుల సంగతి: నల్లటి, ముదురు నీలపు హల్ మన ఎండలో 60 డిగ్రీలు దాటుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. గాజు గుడ్డ నేత రంగులోంచి అచ్చుపడేది అందుకే. తెలుపు, లేత రంగులు మన ఊళ్లకు నప్పుతాయి.

నీళ్లలోనే ఉండే పడవకు లెక్క వేరు

పై రంగులు, ఒక డబ్బావైనా రెండు డబ్బాలవైనా, చాలావాటిని తయారుచేసింది నీటి గీతకు పైభాగానికి. వారాల తరబడి నీటిలో ముంచి ఉంచితే బొబ్బలెక్కుతాయి. రోజూ ఒడ్డుకు లాగే పడవకు ఈ బాధ లేదు, అడుగుకూ అదే రంగు వేసుకోవచ్చు. ఉప్పుటేరులో కట్టేసి ఉంచే పడవకైతే నీటి గీత కింద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద గుల్లలు, పాచి పట్టనివ్వని యాంటీఫౌలింగ్ పూత కావాలి. దీనిలో పనిచేసేది ఎక్కువగా రాగి సమ్మేళనం, అది మెల్లగా నీటిలోకి వదులుతూ ఉంటుంది. ఒకప్పుడు ట్రైబ్యుటైల్ టిన్ వాడేవారు. అది ఫ్రాన్స్ తీరంలో ఆల్చిప్పల పెంకులను వికృతం చేసింది. 2001లో ఒప్పందం కుదిరి, 2008 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయంగా నిషేధం అమల్లోకి వచ్చింది. రాగి పూతను కూడా పొడిగా అరగదీయకూడదు, తడిపి రుద్ది, ఆ మడ్డిని నీటిలో కలవకుండా పట్టుకోవాలి.

3.3 మీటర్ల పడవకు ఎంత కొనాలి?

పడవ పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4, నీటి పైన పక్కల ఎత్తు 0.45 అనుకుందాం. పక్కలకు (3.3 + 1.4) × 2 × 0.45 = 4.2 చదరపు మీటర్లు. అడుగుకు, నీటి గీత దగ్గరి పొడవు 2.9ని అక్కడి వెడల్పు 1.2, మునిగే లోతు 0.1 మొత్తంతో గుణిస్తే 3.8. కలిపి 8. ముందువైపు సన్నబడటాన్ని ఈ లెక్క పట్టించుకోదు కాబట్టి అసలు కన్నా కాస్త ఎక్కువే వస్తుంది. కొనుగోలుకు అదే మంచిది.

ఎపాక్సీలో ఎగిరిపోయే ద్రవం లేదు, చదరపు మీటరుకు 100 మిల్లీలీటర్లు పూస్తే 100 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో పదో వంతు పొర మిగులుతుంది. మొదటి పూతను చెక్క తాగుతుంది కనుక 150 వేసుకుంటే 1.2 లీటర్లు, తర్వాతి రెండూ 0.8 చొప్పున. బయటి వైపుకు మొత్తం 2.8 లీటర్లు. గుడ్డ పరిస్తే మరో 1.6 కిలోల గుడ్డ, తడపడానికి దాదాపు అంతే బరువు రెసిన్, నేత నింపడానికి ఇంకొంత.

రంగులో కొంత ఎగిరిపోతుంది. డబ్బా వివరాల్లో ఉండే ఘనపదార్థ శాతాన్ని పదితో గుణించి, ఆరాక కావలసిన మైక్రాన్లతో భాగిస్తే లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో తెలుస్తుంది. 45 శాతం ఉన్న ప్రైమర్ 50 మైక్రాన్లకు 9 చదరపు మీటర్లు పడుతుంది. రెండు పూతలకు 16 ÷ 9 = 1.8, రోలర్, ట్రే తాగేదానికి అయిదో వంతు కలిపితే 2.1 లీటర్లు. అదే శాతం పై రంగు 40 మైక్రాన్ల చొప్పున మూడు పూతలకు 24 ÷ 11.25 = 2.1, వృథాతో కలిపి 2.6 లీటర్లు. ఒక్క మందపాటి పూతతో ముగిద్దామనుకుంటే పైన తోలు కట్టి లోపలి థిన్నర్ బయటికి రాలేక బుడగలవుతుంది, నిలువు పక్కల మీద కారుతుంది.

పూసేటప్పుడు ఇద్దరుంటే మేలు. ఒకరు సన్నని ఫోమ్ రోలర్‌తో రెండడుగుల పట్టీ వేస్తే, వెంటనే రెండోవారు బ్రష్ కొసతో తేలిగ్గా ఒకే దిశలో, తడి పట్టీ వైపు లాగాలి. ఇద్దరి మధ్య ఆలస్యమైతే కుంచె చారలు ఉండిపోతాయి. గాలికి ఎదురుగా, ఎండలో ఇది కుదరదు. కారు పాలిష్, సిలికాన్ సీలెంట్ వాడిన చేతులు హల్‌ను తాకితే రంగు అక్కడ చేపకన్నులా గుండ్రంగా విడిపోతుంది.

ఊడిన పెచ్చును తిప్పి చూడండి

రంగు లేచిందంటే మళ్లీ పూసే ముందు ఆ పెచ్చు వెనక వైపు వెలుతురులో పెట్టి చూడాలి. వెనక నున్నగా, గీతల్లేకుండా మెరుస్తుంటే కింద ఎపాక్సీని కడగలేదు, లేదా అరగదీయలేదు. అక్కడ చెక్కకు ప్రమాదం లేదు, కడిగి గరుకు చేసి మళ్లీ వేస్తే సరి. ప్రైమర్ సగం పెచ్చుకు, సగం హల్‌కు అంటుకుని చీలితే ప్రైమర్ ఆరకముందే పైపూత పడింది, లేదా మరీ మందంగా పడింది. పెచ్చు వెనక గోధుమ రంగు చెక్క నారలు అంటుకుని వస్తే మాత్రం రంగు జోలికి పోవద్దు, లోపల తడి ఉంది. నీరు దూరిన చోటు ఆ పెచ్చు దగ్గరే ఉండాలని లేదు. పొర వెంట అది జానెడు దూరం పాకగలదు. దగ్గర్లోని ప్రతి స్క్రూ విప్పి, రంధ్రంలో పొడి అగ్గిపుల్ల దూర్చి తీసి, ఏది తడిసి వస్తుందో చూడాలి.